తూకాలమ్మ మోపించిన కాలు

ఈ నెలాఖరుకి మా తూకాలమ్మ ఉద్యోగం నుంచి దిగిపోతోంది. ఆవిడ దగ్గర మళ్ళీ నడక నేర్చుకున్నవాళ్ళు తలా ఒక పేజీ రాసిస్తే అన్నీ కలిపి చిన్న పుస్తకం వేస్తామని ఆసుపత్రి వాళ్ళు కబురు పెట్టారు. ఒక పేజీ నాకు చాలదని కబురు తెచ్చినాయనతోనే చెప్పేశాను. "మీ ఇష్టం మేస్త్రీ గారూ, ఎన్నయినా రాయండి" అన్నాడు. అన్నాక ఇక చదవక తప్పదు.

ముందు నేనెవరో చెప్పాలి. అది తెలియకపోతే ఆవిడ చేసిన పని ఎంతటిదో తెలియదు. మా ఊరి ఒంటిగది బళ్ళో ఐదో తరగతి దాకా చదివాను. పంతులు గారు బెత్తంతో నేర్పిన భిన్నాలు తప్ప నాకు వేరే చదువు లేదు. ఆ భిన్నాలతోనే నలభై ఆరేళ్ళు తాపీ పని చేశాను. అందులోనూ నేను మెట్ల మేస్త్రీని. గోడ చాలామంది లేపుతారు. మెట్లు కట్టాలంటే నేలకీ పైకప్పుకీ మధ్య దూరాన్ని సమంగా పంచడం రావాలి. ఎత్తు ఆరున్నర అంగుళాలు, అడుగు వేసే చోటు పదకొండు. రెండు ఎత్తులూ ఒక వెడల్పూ కలిపితే ఇరవై నాలుగు రావాలి. అలా వస్తే ముసలివాళ్ళు కూడా కింద చూసుకోకుండా ఎక్కుతారు. ఒక్కో మెట్ల వరస పూర్తయ్యాక తాపీ పిడి మీద ఒక గాటు పెట్టేవాణ్ణి. చోటు చాలక పిడి రెండుసార్లు మార్చాను. మూడు పిడులూ కలిపి మూడు వందల పన్నెండు గాట్లు. మూడంతస్తుల బడికి అరవై ఆరు మెట్లు నావే. నీళ్ళ ట్యాంకు చుట్టూ మెలికలు తిరిగి పైకెళ్ళే మెట్లు నావే. ఈ ఆసుపత్రి పాత భవనంలో డాక్టర్లు రోజూ ఎక్కి దిగేవీ నావే. వాటి మీద కాలు తడబడి పడినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు.

నేను పడ్డాను. కానీ నేను కట్టిన వాటి మీద కాదు. ఇది గట్టిగా రాసుకోండి.

అప్పటికి నాకు అరవై ఏడేళ్ళు. తెలిసినవాళ్ళు కొత్త ఇల్లు కట్టుకుని, ఒకసారి వచ్చి చూడమంటే వెళ్ళాను. మేడ చూసి దిగుతున్నాను. చివరి మెట్టు మిగతావాటికన్నా ఒక అంగుళం ఎక్కువ లోతు. నేల ఉండాల్సిన చోట నేల లేదు. ఆ అంగుళంలోనే నా కుడికాలు, మోకాలి కింద ఉండే పెద్ద ఎముక, రెండు ముక్కలైంది. చేతులు ఆనించి పడ్డానేమో రెండు మణికట్లూ వాచాయి. నొప్పితో మెలికలు తిరుగుతూ నేను అడిగిన మొదటి మాట, "ఈ మెట్లు కట్టిందెవరు?" అని. ఈ సంగతి మా ఇంటావిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

డాక్టరు ఎముక లోపల ఇనప రాడ్డు దించి రెండు కొసలూ కలిపాడు. ఇంటికి పంపేటప్పుడు, "రెండో వారం నుంచి కొంచెం కొంచెంగా కాలు మోపండి. కింద ఫిజియోథెరపీ గదిలో ఎంత మోపాలో చూపిస్తారు" అన్నాడు. నేను బుర్ర ఊపాను. ఊపడానికేం, మేస్త్రీ పని చేసినవాడికి ఇంజనీరు చెప్పినదానికల్లా బుర్ర ఊపడం అలవాటే.

ఇంటికి రాగానే మా బావమరిది వచ్చాడు. వాడిది సెంట్రింగు పని. అంటే స్లాబు పోసేముందు కింద చెక్కలూ కర్రలూ నిలబెట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక విప్పేస్తాడు. నా మెట్లన్నిటికీ చెక్కలు కొట్టింది వాడే.

"కాలు మోపమన్నాడా? ఎన్నో రోజున?" అన్నాడు.

"రెండో వారం నుంచి."

"బావా, పచ్చి స్లాబు మీద రెండో వారం నువ్వు నడుస్తావా?"

"నడవను."

"ఇరవై ఎనిమిది రోజులకి ముందు నేను కర్ర ఊడదీస్తే ఊరుకుంటావా?"

"కాళ్ళు విరగ్గొడతాను."

"ఉన్నది చాలదా, ఇంకా దేనికి? కదలకుండా పడుకో" అన్నాడు. మర్నాడు వాడే సెంట్రింగు చెక్కలు కోసి, నా కాలు కొలత తీసి, బీము అడుగున పెట్టే పెట్టెలాంటిది చేసి తెచ్చాడు. లోపల పాత దుప్పటి పరిచాం. అందులో కాలు పెట్టుకుని నేను పడుకున్నాను. ఇరవై ఎనిమిది రోజులు దాటాయి. పెద్ద బీముకి ఇంకా ఎక్కువ రోజులు ఉంచుతాం కదా అని మరో రెండు నెలలు వేశాను. బయటికి వెళ్ళాల్సి వస్తే చంకకర్రల మీద ఎడమకాలితో గెంతేవాణ్ణి.

మా ఇంటావిడ ఒకరోజు చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఏమండీ, పొద్దునా సాయంత్రం స్లాబుకి కొట్టినట్టు కాలి మీద నీళ్ళు కూడా కొట్టమంటారా, క్యూరింగుకి?" అంది. వాళ్ళ తమ్ముడు పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే, కొట్టాలేమో అని ఒక్క క్షణం అనిపించింది.

మూడు నెలలకి ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుగు పెట్టె మీద పెట్టాడు. విరిగిన చోట నల్లటి గీత మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. చుట్టూ కొత్త ఎముక పొగలాగా అయినా కనిపించాలట. ఏమీ లేదు.

"ఇంకో రెండు నెలలు చూస్తాను. అప్పటికీ రాకపోతే మళ్ళీ కోయాలి. తుంటి దగ్గర ఎముక కొంత తీసి ఇక్కడ పెట్టాలి. మీ వయసుకి అది చిన్న పని కాదు" అన్నాడు. "ఇంతకీ కాలు మోపుతున్నారా?"

"మోపుతున్నానండీ" అన్నాను.

అదీ నేను ఫిజియోథెరపీ గదికి వెళ్ళిన సందర్భం. నా కాలు మిగులుతుందా, మళ్ళీ కోతకి వెళ్తుందా అన్నది రెండు నెలల్లో తేలాలి. నా ఒళ్ళు కోయించుకోవడానికి నేనెప్పుడూ భయపడలేదని చెప్పుకుంటాను. ఆరోజు మాత్రం చంకకర్రల పిడులు చెమటకి జారాయి.

ఆ గది పాత భవనంలో, కింది అంతస్తులో, నేను కట్టిన మెట్ల అడుగున ఉంది. ఒక పక్క పట్టుకుని నడిచే జంట ఇనప కమ్మీలు. కిటికీ కింద బల్ల. గోడ వారగా మూడు మెట్ల చెక్క బల్ల ఒకటి, నడక నేర్చుకునేవాళ్ళు ఎక్కి దిగడానికి. చూడగానే నాకు తెలిసిపోయింది, మూడూ మూడు ఎత్తులు. నేల మీద ఒక తూకం మిషను. ఎక్కి నిలబడితే ముల్లు తిరిగే రకం, తెల్లరంగు అంచుల దగ్గర పెచ్చులూడింది. ఆ మిషను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, యాభై ఏళ్ళావిడ ఎవరిదో పాదం పట్టుకుని, "ఇంకా, ఇంకా, ఇంకొంచెం, ఆఁ అక్కడ ఆపు" అంటోంది. అదే తూకాలమ్మ. ఎవరు వచ్చినా మిషను మీద కాలు పెట్టించందే వదలదు కనక ఆసుపత్రంతా ఆ పేరే. ఆవిడ ముందే అంటారు, ఆవిడా పలుకుతుంది.

నా వంతు వచ్చింది. గొప్పగా మొదలుపెట్టాను.

"మీ నెత్తి మీదున్న మెట్లు నేనే కట్టానమ్మా."

"మీరేనా? ఎవరు దిగినా నా గదిలో దబదబమని మోత. ఎప్పటినుంచో వెతుకుతున్నాను మీకోసం" అంది. తర్వాత కాగితం చూసి, "కాలు మోపుతున్నారా?" అని అడిగింది.

"మోపుతున్నాను."

"ఎంత?"

"బాగానే."

"బాగానే అంటే ఎన్ని కిలోలు?"

నేను చంకకర్రలు సర్దుకున్నాను. ఆవిడ నా మొహం చూడలేదు. నా చెప్పులు రెండూ తీసి బోర్లించింది. ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగి పల్చబడింది. కుడిచెప్పు అడుగున అచ్చుగీతలు కొట్లో ఉన్నట్టే ఉన్నాయి.

"ఈ కుడిది నిన్న కొన్నారా?"

"జత కదమ్మా, రెండూ ఒకేరోజు కొన్నాం" అంది మా ఇంటావిడ, అమాయకంగా మొహం పెట్టి.

"మరి కుడికాలు గాల్లో నడుస్తోందన్నమాట."

"అలా అడగండమ్మా, నేనడిగితే సెంట్రింగు అంటారు."

"సెంట్రింగా? అదేంటి?"

నేను చెప్పుకొచ్చాను. పచ్చి కాంక్రీటు, కర్రలు, ఇరవై ఎనిమిది రోజులు, చెక్క పెట్టె, అన్నీ. చదువుకున్నావిడ నవ్వుతుందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. స్లాబు ఎలా పోస్తారు, ఎప్పుడు గట్టిపడుతుంది, నీళ్ళు ఎందుకు కొడతారు అని ఒక్కొక్కటీ అడిగింది. నలభై ఆరేళ్ళలో నన్ను అలా అడిగిన చదువుకున్నవాళ్ళు లేరు. అందరూ ఎప్పుడవుతుందనే అడిగారు గాని ఎలా అవుతుందని అడగలేదు.

అంతా విని, "మీరు చెప్పింది తప్పు కాదు మేస్త్రీ గారూ. సిమెంటుకి అది సరైనదే. కూలీలు ఇళ్ళకి పోయినా సిమెంటు తనంతట తాను గట్టిపడుతుంది. అవునా?" అంది.

"అవును."

"ఎముక గట్టిపడదు. దాన్ని ఎవరో ఒకరు కట్టాలి. లోపల పనివాళ్ళున్నారు."

"ఎముకలోనా?"

"కంటికి కనపడనంత చిన్నవాళ్ళు. కణాలంటారు. మీరు మేస్త్రీలు అనుకోండి. కట్టేవాళ్ళు ఒక జట్టు. పాతబడిన ఎముకని తొలిచి తీసేసేవాళ్ళు ఇంకో జట్టు. ఇక మూడో రకం ఉన్నారు చూడండి, వాళ్ళు ఒకప్పుడు కట్టినవాళ్ళే. కడుతూ కడుతూ ఆ గోడలోనే ఉండిపోయారు."

"గోడలోనా? పాపం, ఊపిరెలా?"

"సన్నటి దారాల్లాంటి చేతులు చాచి ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఉంటారు. ఆ చేతులు వెళ్ళే దారుల్లో నీరు ఉంటుంది. మీరు కాలు మోపారనుకోండి, ఎముక మనకి తెలియనంత వంగుతుంది. ఆ నీరు కదులుతుంది. గోడలో ఉన్నవాళ్ళకి అది తగులుతుంది. ఇదిగో, ఇక్కడ బరువు పడుతోంది, ఇక్కడ కట్టండి అని బయట ఉన్నవాళ్ళకి కబురు పెడతారు."

"బరువు పడకపోతే?"

"కబురు లేదు. కట్టేవాళ్ళు తాపీ పక్కన పెట్టి కూర్చుంటారు. తొలిచేవాళ్ళు మాత్రం ఎవరూ చెప్పకపోయినా తొలుస్తూనే ఉంటారు."

"వాళ్ళని నాకు తెలుసు. నేను పనిచేసిన ప్రతిచోటా ఉన్నారు" అన్నాను.

అప్పుడు నవ్వింది. విరిగిన రోజునే అక్కడ నెత్తురు గడ్డకట్టి పని మొదలవుతుందని, ముందు చెవి డిప్పలాంటి మెత్తటి కట్టుబడి వస్తుందని, తర్వాత కట్టేవాళ్ళు దాన్ని తీసి అసలు ఎముక పోస్తారని వివరించింది. "దెబ్బే మొదటి పిలుపు. పనివాళ్ళు వచ్చారు. మూడు నెలలుగా మీ పెట్టె పక్కన కూర్చుని ఉన్నారు, మీరు పని చెబుతారేమోనని" అంది.

"మరి విరిగిన చోట బరువు పెడితే మళ్ళీ విరగదా?"

"లోపల రాడ్డు ఉంది కదా. అదే మీ సెంట్రింగు. దాన్ని తీసేయమని నేను అనడం లేదు. అది ఉండగానే కొంచెం కొంచెం బరువు పెట్టమంటున్నాను. ఎముక కలవకపోతే అది కూడా ఎన్నాళ్ళని మోస్తుంది? ఏదో ఒకరోజు అదే పుటుక్కుమంటుంది."

ఇంత చెప్పాక తూకం మిషను జరిపి, "పెట్టండి, పది కిలోలు" అంది. పెట్టాను. ముల్లు రెండు దగ్గర ఆగింది. ఆవిడ మాటలు బుర్రకి ఎక్కాయిగాని కాలికి ఎక్కలేదు. కాలు తనంతట తానే పైకి లాక్కుంటోంది. వారం తిరిగినా నాలుగు దాటలేదు. ప్రతిరోజూ సాయంత్రం బావమరిది వచ్చి, "ఏం బావా, పచ్చి స్లాబు మీద డాన్సు ఎంతదాకా వచ్చింది?" అని అడిగేవాడు. రాత్రికి కాలు మళ్ళీ చెక్క పెట్టెలోకి వెళ్ళేది.

రెండో వారంలో ఒకరోజు గదిలో ఇంకెవరూ లేరు. నాలుగు దగ్గరే ముల్లు ఆడుతోంది. ఆవిడ నన్ను గదమలేదు. మిషను ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మా నాన్న పోస్ట్‌మన్" అని మొదలుపెట్టింది. "సైకిల్ మీద వెళ్తుంటే బండి గుద్దింది. ఇదే కాలు, ఇదే ఎముక. అప్పుడు నాకు పదేళ్ళు. కట్టు కట్టి పంపించారు. కట్టు విప్పాక నడవమన్నారు. ఆయన లేవబోతే మా అమ్మ పట్టుకుని కూర్చోబెట్టేది. మా నాయనమ్మ ఏడ్చేది. నేను నీళ్ళు మంచం దగ్గరికే తెచ్చేదాన్ని. ఏడాది పాటు నేల తగలనివ్వలేదు. నాన్న కూడా సంతోషించాడు, ఇంత ప్రేమగా చూస్తున్నారని. చివరికి ఆ కాలు నా చేతికన్నా సన్నబడింది. తర్వాత నిలబడాలని చాలా చూశాడు. కుదరలేదు. మళ్ళీ సైకిల్ ఎక్కలేదు. ఇంటిల్లిపాదీ కలిసి ప్రేమగా ఆయన కాలు పాడు చేశాం మేస్త్రీ గారూ. ఎందుకలా అయిందో తెలుసుకోవాలని ఈ చదువు చదివాను. తెలిసేసరికి ఆయన లేడు."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. మిషను వైపు చూపించింది. "నేను మీ మీద జాలి పడను. ముందే చెబుతున్నాను. పది."

నేను కమ్మీ పట్టుకున్నాను. పళ్ళు బిగించాను. మోపాను. ఆరు. ఏడు. తొమ్మిది. కాలిలో సలుపు లేచింది. ఏదీ విరగలేదు. పది. ముల్లు పది మీద నిలబడింది.

"అక్కడే. ఇప్పుడు మీ వాళ్ళకి కబురు వెళ్ళింది" అంది తూకాలమ్మ.

ఆ సాయంత్రం చెక్క పెట్టె మంచం కింద పెట్టించాను. మా బావమరిది ముక్కు ఎగబీల్చి, "అంటే నా పని నచ్చలేదన్నమాట" అన్నాడు. "నీ పని బంగారంరా. తప్పు చోట చేశావంతే" అన్నాను.

తర్వాత నేను మేస్త్రీననే సంగతి గుర్తొచ్చి ఇంకో తప్పు చేశాను. పని అంటే ఎక్కువ చేసినవాడిదే పైచేయి అని నా లెక్క. ఇంట్లో ఇలాంటి మిషనే ఒకటి తెప్పించుకుని, పొద్దున్నే ఏకబిగిన మూడు వందల సార్లు మోపి, గర్వంగా వచ్చి చెప్పాను. ఆవిడ నుదురు కొట్టుకుంది.

"మీ దగ్గర పనిచేసే కూలీతో ఒకే మాట మూడు వందలసార్లు అరిస్తే ఏం చేస్తాడు?"

"చెవులు మూసుకుంటాడు."

"వీళ్ళూ అంతే. కాసేపు మోపితే వింటారు. ఆగకుండా మోపితే వినడం మానేస్తారు. కొన్నిసార్లు మోపండి, ఆగండి. మళ్ళీ కొన్ని గంటల తర్వాత మోపండి. మధ్యలో వాళ్ళని ఊపిరి తీసుకోనివ్వండి."

ఇది నేను నా పనివాళ్ళ దగ్గర నాకు యాభయ్యేళ్ళు వచ్చేదాకా నేర్చుకోలేదు.

పది పదిహేనైంది. పదిహేను ఇరవై ఐదైంది. నా బరువు అరవై నాలుగు కిలోలు. ముప్ఫై రెండు వచ్చిన రోజున, "రెండు కాళ్ళ మీద నిలబడ్డ మనిషివయ్యావు" అని మా ఇంటావిడ ఆనందం పట్టలేక ఏకవచనంలోకి దిగిపోయింది.

ఆరోజే ఇంకో సంగతి జరిగింది. తూకాలమ్మ నా పాత కాగితాల సంచీ తిరగేస్తోంది. నేను పడ్డప్పుడు వాచిన మణికట్లకి తీసిన ఎక్స్‌రేలు అందులో ఉన్నాయి. రెండూ చెరో చేత్తో పట్టుకుని కిటికీకి ఎదురుగా పెట్టి, కాసేపు అటూ ఇటూ చూసింది.

"మేస్త్రీ గారూ, మీరు తాపీ పట్టేది ఏ చేత్తో?"

"కుడిచేత్తో. సుత్తీ అదే. ఏం, ఏమైంది?" నేనూ తొంగి చూశాను. కుడిచెయ్యి ఎముక ఎడమదానికన్నా లావుగా ఉంది. నాకే కనిపిస్తోంది. "వాపా అది? రోగమా?"

"రోగం కాదు. మీరు ఎన్నేళ్ళప్పుడు పనిలోకి వచ్చారు?"

"పద్నాలుగు."

"ఎదిగే వయసు. అప్పటినుంచి కుడిచెయ్యి సుత్తి దెబ్బ తింటూనే ఉంది. లోపలున్నవాళ్ళు ఒక్కో దెబ్బకీ ఒక్కో పొర వేసుకుంటూ వచ్చారు. ఇదిగో, ఈ తెల్లటి అంచు చూడండి. ఎడమచేతిది ఎంత ఉంది, కుడిచేతిది ఎంత ఉంది? మీరు ఊళ్ళో మెట్లు కట్టారు. వీళ్ళు మీ చేతిలో కట్టారు."

మూడు వందల పన్నెండు మెట్ల వరసల గురించి అడిగినా అడక్కపోయినా అందరికీ చెప్పేవాణ్ణి. చాలామంది వినేవాళ్ళు కాదు. కొందరు విన్నట్టు మొహం పెట్టేవాళ్ళు. నా పనంతా నా చేతిలోనే ఒకరు గోడలాగా కట్టి పెట్టారని ఎవరూ చెప్పలేదు. ఇంటికి వెళ్ళేదారిలో కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాను.

మా ఇంటావిడ ఊరుకుంటుందా? "నలభై ఏళ్ళు బిందెలు మోశాను. నా తుంటి ఎముక ఫోటో తీస్తే అందులో మీ మూడంతస్తుల బడి కనిపిస్తుంది" అంది. నిజమే అయ్యుంటుంది. ఆ మాట ఒప్పుకున్నానని ఇక్కడ రాస్తున్నాను, చదువుకోమనండి.

రెండు నెలలు నిండాయి. ఎక్స్‌రే గది బయట బల్ల మీద నేను, మా ఇంటావిడ, బావమరిది వరసగా కూర్చున్నాం. తూకాలమ్మకి అది పని వేళ. అయినా తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచి వెలుగు పెట్టె మీద కొత్త ఎక్స్‌రే పెట్టాడు. నల్లగీత చుట్టూ, రెండు పక్కలా, తెల్లగా మబ్బులాగా ఏదో పట్టింది. ఒకవైపు ఆ మబ్బు గీతని దాటి అవతలి ముక్కని అందుకుంది.

"వస్తోంది. బాగా వస్తోంది. కోయక్కర్లేదు" అన్నాడు డాక్టరు.

మా ఇంటావిడ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. బావమరిది ఆ మబ్బు దగ్గరికి మొహం పెట్టి చూసి, "ఫినిషింగు లేదు బావా, ఎగుడుదిగుడుగా ఉంది" అన్నాడు.

"ముందు దండిగా పోసేస్తారు. తర్వాత ఏళ్ళ తరబడి చెక్కుతారు, బరువు ఎటు పడితే అటు" అంది తలుపు దగ్గర నుంచి తూకాలమ్మ. నేను వెనక్కి తిరిగి ఆవిడకి రెండు చేతులూ జోడించాను. నేను చేతులు జోడించే మనిషిని కాను. పనిచోట నాకే అందరూ దణ్ణం పెట్టేవాళ్ళు. ఆవిడ, "చేతులు కాదు, కాలు. నలభై చూపించండి" అని గదిలోకి నడిచింది.

ఇంకో నాలుగు నెలలకి అరవై నాలుగు కిలోలూ ఒంటి కుడికాలి మీద నిలబెట్టాను. ముల్లు ఊగలేదు.

ఆవిడకి ఏమిచ్చినా పుచ్చుకోదని తెలుసు. నాకు చేతనైంది ఒక్కటే. గోడ వారనున్న ఆ మూడు చెక్క మెట్లు మొదటిరోజు నుంచి నా కంట్లో నలకలాగా ఉన్నాయి. పెద్ద డాక్టరు దగ్గర అనుమతి తీసుకుని, వాటిని బయట పడేయించి, అదే చోట అటు నాలుగు ఇటు నాలుగు మెట్లు కాంక్రీటుతో పోశాను. ఆరున్నర, పదకొండు. రసమట్టం పెట్టి ఒక్కో మెట్టూ మూడుసార్లు చూశాను. సెంట్రింగు చెక్కలు మా బావమరిది తెచ్చాడు. చూస్తే నా కాలిపెట్టె విప్పిన చెక్కలే.

"ఇప్పుడు సరైన చోట పెట్టానా?" అన్నాడు.

పోసిన మర్నాడు తూకాలమ్మ వచ్చింది. చుట్టూ తిరిగి చూసింది. ఆవిడ కుడికాలు తనకి తెలియకుండానే మొదటి మెట్టు వైపు లేచింది.

"ఆగండి తల్లీ!" అని అరిచాను. గదిలో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. "దీంట్లో పనివాళ్ళు లేరు. ఇది తనంతట తానే గట్టిపడాలి. ఇన్ని రోజులు అని ఉంది."

కాలు దించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవిడ నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తూనే ఉంది. మెట్ల చుట్టూ తాడు కట్టాం. ఇరవై ఎనిమిది రోజులూ పొద్దునా సాయంత్రం ఆవిడే చెంబుతో నీళ్ళు పోసింది. ఇరవై తొమ్మిదో రోజున తాడు విప్పి, "ఇప్పుడు మోపండి, ఎన్ని కిలోలైనా" అన్నాను. ఆవిడ కింద చూసుకోకుండా నాలుగు మెట్లూ ఎక్కింది, నాలుగూ దిగింది.

ఇది జరిగి ఏడేళ్ళు. ఆ మెట్ల మీద ఎంతమంది కాళ్ళకి మళ్ళీ కబురు అందిందో నేను లెక్క కట్టలేను. ఆవిడా ఆ లెక్క కట్టలేదు. నా తాపీ మూడో పిడి మీద మాత్రం ఇంకో గాటు పడింది, మూడు వందల పదమూడోది. ఆ గాటు మిగతావాటికన్నా కొంచెం లోతుగా ఉంటుంది. దాన్ని కుడికాలి మీద నిలబడి పెట్టాను.